దాచమని ఇచ్చిన సంచీ

రాత్రి కురిసిన వానకి పూలరేకులు ప్లాట్‌ఫాం నిండా అతుక్కుపోయాయి. ఎండిన రేకులైతే చీపురుకి వస్తాయి, తడి రేకుల్ని గీకాల్సిందే. ఫుసాయో మోకాళ్ళ మీద కూర్చుని పాత డబ్బా రేకు ముక్కతో గీకుతోంది. ఈ పదిరోజులూ ఎక్కడెక్కడి జనమో వచ్చి ప్లాట్‌ఫాం పక్కనున్న చెర్రీ చెట్ల కింద నిలబడి మురిసిపోతారు. మురిసేవాళ్ళకేం, గీకేవాళ్ళు వేరే ఉన్నారు!

అరవై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, కాస్త వంగి ఉంటుంది. చేతులు మాత్రం ఆ ఒంటివి కావన్నట్టు పెద్దవి. నారింజ తొనలు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళు తొక్కలు ఒలిచిన చేతులవి. అది మూతపడ్డాక మా ఉరాహమా స్టేషనులో ఊడ్చే పనికి కుదిరి పంతొమ్మిదేళ్ళయింది. పెళ్ళి కాలేదు. మంచాన పడ్డ తల్లికి చాకిరీ చేస్తూ ఉండగానే ఆ వయసు దాటిపోయింది. దాటిన సంగతి ఊళ్ళో ఎవరూ గమనించలేదు, ఆవిడతో సహా.

ఈ రోజు మార్చి ఆఖరు. రేపటి నుంచి స్టేషనులో మనుషులుండరు. టికెట్టు మిషను ఇస్తుంది, ఊడవడానికి నెలకి రెండుసార్లు పట్నం నుంచి బండి వస్తుంది. సాయంత్రం నాలుగింటికి చీపుళ్ళ గది తాళంచెవి అప్పగించాలి. గది ఖాళీ చేయడం నిన్ననే అయిపోయింది. మేకుకి వేలాడుతున్న నీలం సంచీ ఒక్కటే మిగిలింది.

అది సైకిలు సంచీ. రైలెక్కాలంటే సైకిలుని విప్పి, పూర్తిగా సంచీలో కప్పి తేవాలి. మడిస్తే మాత్రం అరకిలో పంచదార పొట్లమంత అవుతుంది. తనిమురా అనే లెక్కల మాస్టారు ఏటా ఇదే రోజున, బడి సంవత్సరాల మధ్య సెలవుల్లో, పొద్దున పదీ పన్నెండు నిమిషాల రైలుకి ఓసాకా నుంచి దిగేవాడు. స్టేషను ముందు సైకిలు బిగించుకుని, వంతెనలు దాటి దీవుల మీదుగా ఐదు రోజులు తిరిగొచ్చేవాడు. మొదటి ఏడు సంచీ పట్టుకుని దిక్కులు చూస్తుంటే, "ఇలా ఇవ్వండి, మేకుకి తగిలిస్తాను" అంది ఫుసాయో. అప్పటి నుంచి పదిహేడు వసంతాలు. వచ్చేటప్పుడు ఆయన చిన్న మిఠాయి డబ్బా తెచ్చేవాడు, వెళ్ళేటప్పుడు ఆవిడ రెండు నారింజలు చేతిలో పెట్టేది. ఇన్నేళ్ళలో ఇద్దరూ మాట్లాడుకున్నవన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు.

పోయినేడు సంచీ ఇచ్చి వెళ్ళాడు. ఐదో రోజు రాలేదు. ఆరో రోజూ రాలేదు. ఏడాదయింది.

"ఓచి గారూ," అని ఇంటిపేరుతో పిలుస్తూ టికెట్ల కిటికీలోంచి గుమాస్తా కన్‌జాకి తల బయటపెట్టాడు. ఆయనకీ ఇదే ఆఖరి రోజు. "మీ పెళ్ళికొడుకు సంచీ ఏం చేస్తారు? పోలీసులకిచ్చేద్దామా?"

"వాళ్ళకెందుకండీ? పోగొట్టుకున్న సామానైతే పోలీసులకి. ఇది దాచమని ఇచ్చింది."

"ఇచ్చినాయన రావాలిగా మరి!"

"వస్తారు. రోజు ఇదేగా," అంది ఫుసాయో. అన్నదేగాని తనకే నమ్మకం చాల్లేదు. తాళం ఇచ్చేశాక ఆయన వస్తే? తలుపు కొట్టి చూసి, "ఆవిడ కూడా ఇంతేనన్నమాట" అనుకుంటూ వెళ్ళిపోతే? నమ్మి ఆవిడ చేతికి ఒక వస్తువిచ్చిన మనిషి లోకంలో ఆయనొక్కడే. మూడు రాత్రులుగా ఆ దిగులుతో నిద్రలేదు.

పదీ పన్నెండు రైలు వచ్చింది. దిగింది ఒక్క మనిషే. నలభై దాటిన ఆడమనిషి, పెద్ద పెద్ద పూల బొంత గలేబులో ఏదో చుట్టి, దాదాపు ఈడ్చుకొస్తోంది. ఒక మూల నుంచి సైకిలు హ్యాండిలు బయటికి పొడుచుకొచ్చింది. దానికి ఊలు టోపీ తొడిగి ఉంది.

"మొత్తం కప్పాలండీ, రూలు," అన్నాడు కన్‌జాకి కళ్ళజోడు మీదుగా చూస్తూ.

"తెలుసండీ, రెండు చోట్ల ఆపేశారు. ఆ టోపీ నాదే." ఆవిడ రొప్పుతూనే వంగి నమస్కరించింది. "సంచీ ఉండేది, ఇంట్లో ఎంత వెతికినా దొరకలేదు. నాన్న నోటుపుస్తకంలో ఉంది: 'సంచీ స్టేషనులో ఊడ్చే ఆవిడ దగ్గర. బెంగలేదు' అని. నా పేరు షిహో. తనిమురా గారి అమ్మాయిని."

ఫుసాయో చేతిలో డబ్బా రేకు ముక్క అలాగే ఉండిపోయింది.

"నాన్న పోయినేడు రెండో రాత్రే పోయారండీ. దీవిలో, సత్రంలో. వేణ్ణీళ్ళు పోసుకుని, భోంచేసి పడుకున్నారట. సైకిలు లారీలో ఇంటికొచ్చింది. మీకు చెప్పాలని మాకు తట్టనే లేదు. క్షమించండి."

"అయ్యో," అంది ఫుసాయో. ఆయన రానందుకు ఏడాదిగా లోపల్లోపల తిట్టుకుంది కూడా. ఆ తిట్లు ఇప్పుడు వెనక్కెలా తీసుకోవడం?

నాన్న తిరిగిన రెండు రోజుల దారీ, మిగిలిపోయిన మూడు రోజుల దారీ తను తొక్కుతానంది షిహో. స్టేషను ముందు గలేబు విప్పింది గాని, చక్రం ఎటు పెట్టాలో తెలియక చతికిలబడింది. కాసేపు చూసి, "జరగండమ్మా," అంది ఫుసాయో.

పాత పేపరు పరిచి, సైకిలుని తలకిందులుగా నిలబెట్టింది. ముందు వెనక చక్రం. గొలుసు అన్నిటికంటే చిన్న పళ్ళచక్రానికి తగిలించింది. తర్వాత ముందు చక్రం. తిప్పి, చెవి దగ్గర పెట్టి వింది. బ్రేకులు నొక్కి చూసింది. ఆ పెద్ద చేతులు ఎక్కడా తడబడలేదు. పదిహేడేళ్ళు చీపురు పట్టుకుని దూరం నుంచి చూసిన పని అది. సైకిలు నిలబెట్టాక సీటు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

షిహో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాన్న... అచ్చం అలాగే తట్టేవారు."

"అది కూడా బిగించడంలో భాగమేననుకున్నానమ్మా," అంది ఫుసాయో. ఆవిడకీ కళ్ళు నిండాయి. దాచుకోలేదు.

నీలం సంచీ తెచ్చి రెండు చేతులతో అందించింది. షిహో అందుకుని, రొమ్ముకి హత్తుకుని, మళ్ళీ ఆవిడ చేతుల్లోనే పెట్టింది. "మీ దగ్గరే ఉంచండి. ఐదో రోజుకి వస్తాను. మీరుంటారుగా?"

రేపటి నుంచి తనిక్కడ ఎవరూ కాదని చెప్పాలి. కిటికీలోంచి కన్‌జాకి చూస్తున్నాడు.

"ఉంటానమ్మా. వెళ్ళిరా."

రెండు నారింజలు షిహో జేబుల్లో పడ్డాయి. షిహో ఎక్కింది, వంకర్లు తిరిగింది, మళ్ళీ నిలదొక్కుకుంది. "ఎడం పక్కనే! ఎడం పక్కనే పో!" అని ఫుసాయో వెనక నుంచి అరిచింది. స్టేషనులో ఆవిడ అరవడం కన్‌జాకి వినడం అదే మొదలు. సైకిలు చేపల దుకాణం మలుపు తిరిగి వంతెన వైపు వెళ్ళిపోయింది.

నాలుగింటికి ఫుసాయో ఏప్రను మడిచి, తాళంచెవితో పాటు కిటికీలో పెట్టింది.

"రేపటి నుంచి గది తెరవరుగా," అన్నాడు కన్‌జాకి మెల్లిగా. ఈసారి పెళ్ళికొడుకు మాట ఎత్తలేదు. "సంచీ ఇంటికి తీసుకుపోండి."

"ఇంటికెళితే నా సామానయిపోతుందండీ. ఐదో రోజున నేనొస్తాను. పనేం లేకపోయినా రైలు స్టేషనుకి రాకూడదని రూలు లేదుగా."

కన్‌జాకి సొరుగులోంచి సుత్తీ మేకూ తీసి ఇచ్చాడు.

ఐదింటి రైలు వచ్చి, ఎవరినీ దించకుండా వెళ్ళిపోయింది. దీపం వెలిగిన ఖాళీ వెయిటింగు రూములో, బెంచీ పైన కొత్త మేకుకి నీలం సంచీ వేలాడుతోంది. దాని తాడుకి కట్టిన చీటీ మీద లావుపాటి అక్షరాలతో రాసి ఉంది: పోయిన సామాను కాదు. మనిషి వస్తారు.