ఉత్త పైసలు

సకల జనుల సమ్మెలో నెల్లికుదురు రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. విస్తరి ముందు కూర్చున్న ఒకాయన, రేపు మన రాష్ట్రమొస్తే పని ఉన్నా లేకున్నా ఇంటింటికీ నెలనెలా పైసలియ్యాలె అన్నాడు. బడిపంతులు ఐలేశ్ ఇంతెత్తున లేచాడు.

"ఉత్తగ పైసలొస్తే ఎవడు నాగలి పడ్తడు? మనిషి సోమరిపోతైతడు!"

పొయ్యి దగ్గర అన్నం వారుస్తున్న గట్టమ్మ తలూపింది. చదువుకున్న సారు మాట కదా! సమ్మె డేరాలో కూర్చోవడానికి ఆయన బడి మానేస్తే, ఆమె కూలి మానేసింది.

సమ్మె ముగిసింది. గట్టమ్మకు పోయిన కూలి పోయినట్టే. ఐలేశ్ మాత్రం ఒకనాడు వాకిట్లో నిలబడి లడ్డూలు పంచుతున్నాడు. దారిన పోతున్న గట్టమ్మనూ పిలిచి ఒకటి చేతిలో పెట్టాడు.

"ఏంది సారూ సంబురం?"

"సమ్మె దినాలకు గూడ జీతం పడ్డదవ్వా" అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఆమె ముఖం చూడలేక డబ్బాకు మూత పెట్టే పనిలో పడ్డాడు.

"మంచిగైంది బిడ్డా" అని గట్టమ్మ లడ్డూను కొంగున ముడేసుకుంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఆ గొంతులో వెటకారముంటే ఐలేశ్ కోప్పడి గట్టెక్కేవాడు. లేదు. ఆమె నిజంగానే పరేషాన్ అవుతోంది.

"ఉత్తగ పైసలొస్తే ఎవ్వలు పన్జెయ్యరంటివి గద సారూ. మరి రేపు మా మనుమరాలిని మీ బడికి తోలాల్నా, వద్దా?"