ఒక కొస ఝాన్సీ చేతిలో

నేను ఒక అడ్డుతెరను. మంగళగిరి మగ్గం మీద పుట్టిన తెల్ల నూలుబట్టను. తెనాలిలో సుభద్రమ్మగారి అత్తగారు నన్ను కొని, పసుపు తడిపి నా మీద స్వస్తిక్ గీశారు. అప్పటినుంచి ఆ ఇంటి పెళ్లిళ్లన్నిటిలో వధూవరుల మధ్య నిలబడేది నేనే. ఫోన్లలో గంటలకొద్దీ చూసుకున్నవాళ్లు కూడా నన్ను దించగానే అప్పుడే తొలిసారి చూసుకుంటున్నట్టు సిగ్గుపడతారు. ఆ నటన నాకూ ముచ్చటే.

నీలవేణి పెళ్లినాడు మాత్రం, కాళ్లూ చేతులూ లేని నాకే కాలూ చెయ్యీ ఆడలేదు.

నీలవేణి సుభద్రమ్మగారి ఒక్కగానొక్క కూతురు. గుంటూరులో తనతోపాటు ల్యాబులో పనిచేసే ఝాన్సీని ప్రేమించింది. ఆ మాట తల్లికి చెప్పింది కూడా. ఆవిడ అంతా విని, మంచి సంబంధం చూసి ముహూర్తం పెట్టించారు. అంతటితో ఆగారా? మేనత్త కూతుళ్లు పట్టుకోవలసిన నా కొసని తెచ్చి ఝాన్సీ చేతిలో పెట్టారు.

"నువ్వే పట్టుకో అమ్మాయ్. నీ చేత్తో దించితేగానీ దానికి మనసు కుదుటపడదు."

ఝాన్సీ పిడికిట్లో నా కొస చెమటకి తడిసిపోయింది. నాకు సుభద్రమ్మగారి మీద పట్టరాని కోపం వచ్చింది.

పంతులుగారు జీలకర్ర బెల్లం పెట్టమన్నారు. నీలవేణి చెయ్యి నా పై అంచుదాకా లేచి, అక్కడే ఆగిపోయింది. అది చూసి ఝాన్సీ చేతులు వాలిపోయాయి. తెర దిగితే పెళ్లయినట్టే కదా, మేళగాళ్లు గట్టిమేళం ఎత్తుకున్నారు. జనం అక్షింతలు విసిరారు. ఆ హోరులో నీలవేణి జీలకర్ర బెల్లం తమలపాకులో పెట్టేసి లేచి నిలబడింది.

"మీ తప్పేం లేదండీ," అంది పెళ్లికొడుకుతో. తర్వాత తల్లివైపు తిరిగింది. "నావల్ల కాదమ్మా."

అక్షింతలు ఇంకా పడుతూనే ఉన్నాయి.

ఆ గొడవలో ఝాన్సీ నన్ను వదలకుండానే నీలవేణితో బయటికి నడిచింది. ఇప్పుడు నేను గుంటూరులో వాళ్ల అద్దెగది గుమ్మానికి వేలాడుతున్నాను. మెట్లమీద చెప్పుల చప్పుడైతే చాలు, లోపల ఇద్దరూ మాటలు ఆపేస్తారు. నాకూ కుదురు లేదు. గాలి లేకపోయినా ఊగుతుంటాను.

ఇవాళ మధ్యాహ్నం ఆ చప్పుడు గుమ్మం ముందే ఆగింది. వచ్చింది సుభద్రమ్మగారు. వెలిసిపోయిన నా స్వస్తిక్‌ని గుర్తుపట్టి, దాని మీద వేళ్లు ఆనించి నిలబడిపోయారు. లోపల నీలవేణి లేచింది. ఝాన్సీ ఆమె చెయ్యి పట్టుకుంది. మళ్లీ నేనే అడ్డం. దించమని చెప్పడానికి పంతులుగారు కూడా లేరు.

"అన్నాలు తిన్నారా?" అన్నారావిడ బయటినుంచే.

"ఇంకా లేదమ్మా."

ఈసారి ఆవిడ ఆ పని ఎవరికీ అప్పజెప్పలేదు. తన చేత్తోనే నన్ను పక్కకి జరిపారు.