బంతి మీద కూర్చున్న బండి

మార్సెలాన్ ముప్పై ఏళ్ళు ఫ్రాన్సులోని కోర్రేజ్ కొండల్లో ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. ఆయనకు రెండు పాత డీజిల్ కార్లున్నాయి. ఒకటి నడుస్తుంది. రెండోది దానికి విడిభాగాలు దానం చేస్తూ కోళ్ళషెడ్డు పక్కన తరిగిపోతోంది. రెండింటికీ స్ప్రింగులుండవు, నూనె ఒత్తిడి మీదే నిలబడతాయి. ఇంజను ఆపి గంటసేపు వదిలేస్తే బండి నేలకి కుంగిపోతుంది. స్టార్టు చేస్తే మొదట వెనకభాగం, తర్వాత ముందుభాగం లేస్తాయి.

"బండీ నేనూ ఒకటే. వేడెక్కేదాకా లేవం," అంటూ ఆ లేవడం ఎవరికో ఒకరికి చూపిస్తేనేగానీ ఆయనకు తిన్నది అరగదు.

ఆగస్టు పండుగనాడు పక్క ఊరితో ఇనుపగుండ్ల ఆట ఫైనలు. వాళ్ళ కళ్ళబడాలని బండిని మైదానం అంచునే పెట్టాడు.

"కాస్త అవతల పెట్టు, ఆటకి అడ్డం," అంది భార్య యుగెట్.

"అడ్డమైతే లేపుతాలే."

స్కోరు పన్నెండు పన్నెండు. ఆఖరి గుండు మార్సెలాన్‌ది. చిన్న చెక్కబంతికి ఎవరి గుండు దగ్గరుంటే వాళ్ళదే గెలుపు. బంతి దగ్గరున్న పక్క ఊరి ఫిర్మాన్ గుండుని కొట్టబోయి మార్సెలాన్ ఆ చెక్కబంతినే కొట్టాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి, కుంగిన బండి కింద దూరింది. ఆయన గుండూ దాని వెనకే వెళ్ళి ముందు చక్రం దగ్గర ఆగింది. అంతకుముందు గురితప్పిన ఫిర్మాన్ గుండొకటి వెనక చక్రం దగ్గర పడి ఉంది. కొలుద్దామంటే కిందికి చెయ్యి దూరదు.

"ఒక్క నిమిషం!" అని మార్సెలాన్ స్టార్టు చేశాడు. నల్లటి పొగ. వెనకభాగం లేచింది. జనం చప్పట్లు కొట్టారు. అంతలో కింద టప్పుమంది. ఆకుపచ్చ నూనె కాలువ కట్టింది, బండి నిట్టూర్చి మునుపటికన్నా కిందికి చతికిలబడింది.

"బంతి మీద కూర్చుంది," అన్నాడు ఫిర్మాన్ వంగి చూసి. "పొదుగుతుందా ఏంటయ్యా?"

మార్సెలాన్ నూనెలోనే వాలి భుజం పెట్టాడు, మొత్తం ఎనిమిదిమంది పట్టి ఎత్తారు. టేపు పట్టుకుని ఫిర్మానే కిందికి దూరాడు. రెండు వేళ్ళ తేడాతో ఫిర్మాన్ గెలిచాడు. కాదనడానికి నోరు తెరిచి, చొక్కానిండా నూనెతో ఉన్న తన అవతారం చూసుకుని, మార్సెలాన్ నవ్వేశాడు.

నూనె పోతే బ్రేకులూ పోయినట్టే. అందుకని గెలిచినవాడే తన గడ్డి ట్రాలీ మీదికి బండినెక్కించి ఇంటికి చేర్చాడు. మార్సెలాన్ పైన స్టీరింగు పట్టుకుని కూర్చుని, దారిపొడుగునా నవ్వేవాళ్ళకి మంత్రిలా చెయ్యి ఊపాడు. యుగెట్ మాత్రం ట్రాక్టర్లో, మెత్తటి సీటులో కూర్చుంది.

రాత్రి సూపుకి ఫిర్మాన్‌ని ఉండిపొమ్మన్నారు. రెండో గిన్నె అయ్యాక అతను గొంతు తగ్గించాడు.

"ఎవరితోనూ అనకు. మా కొట్టంలోనూ ఇలాంటిదొకటుంది. పదకొండేళ్ళుగా లేవలేదు."

"డీజిలేనా?" అన్నాడు మార్సెలాన్ కుర్చీ ముందుకి జరుపుకుని.

"డీజిలే. కావాలంటే తీసుకుపో."

యుగెట్ చెంచా కింద పెట్టి, కిటికీలోంచి కోళ్ళషెడ్డుకి రెండో పక్కనున్న ఖాళీ జాగా వంక చూసింది.