కింది వరసలో ఏ పటాలు

నారాయణగూడలోని జాతీయ చిత్రకళా మ్యూజియాన్ని తిరిగి బాగుచేస్తారన్న కబురు వచ్చిన రోజున అందరికంటే ఎక్కువ మురిసింది మనోరమే. పదహారేళ్లుగా అక్కడి బొమ్మలను కంటికి రెప్పలా కాస్తున్న మనిషి. కానీ 1995 మార్చిలో కొత్త ప్లాను బల్ల మీద పరిచాక ఆ మురిపెం పోయింది. బొమ్మలు దాచే గదిని నేలమాళిగలో పెట్టారు.

"సార్, కింద నీళ్లు ఊరుతయి. వానాకాలంల గోడ మీద చెయ్యి పెడితే తడి తగుల్తది" అంది డైరెక్టర్ ఉదయ్ కుమార్‌తో.

"మట్టి పరీక్షల ఏం లేదన్నరమ్మా. నీ దగ్గర కాయితం ఏమన్న ఉన్నదా? నెలాఖరుకు ప్లాను పోకుంటే మంజూరు రద్దయితది."

కాయితం లేదు. ఆ భవనం కట్టించిన ఇంజనీరు దక్షిణామూర్తి గారు చిక్కడపల్లిలో ఉంటారని మాత్రం తెలుసు. సెంట్రల్ లైబ్రరీ దగ్గర ఆటో దిగి, సందులన్నీ తిరిగి ఇల్లు పట్టుకుంది.

ఆమె చెప్పిందంతా విని పెద్దాయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఉందమ్మా. వాననీళ్లు పారే పాత నాలా పాయ ఒకటి. పునాదులు తవ్వుతుంటే బయటపడింది. ప్రారంభోత్సవం తారీఖు ఖాయమైపోయింది. రాళ్లతో పూడ్చేసి, ఏమీ లేదని సంతకం పెట్టాను."

"గీ ముక్కే రాసియ్యుండ్రి సార్. మీ కాళ్లు పట్టుకుంట."

"డెబ్భై ఆరేళ్లొచ్చాయి. దొంగ సంతకం పెట్టానని ఇప్పుడు నా చేత్తో రాయమంటావా?"

కాఫీ తెచ్చిన ఆయన భార్య సుబ్బులు గుమ్మంలోనే ఆగిపోయింది. "వాన పడ్డప్పుడల్లా అరుగు మీదికొచ్చి నిలబడేది ఇందుకా మీరు? రాసివ్వండి."

ఆయన రాశారు. నాలుగు వాక్యాలకు అరగంట పట్టింది.

డైరెక్టర్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి ఆమెకే ఇచ్చేశాడు.

"ఇది పంపితే పని మొత్తం ఆగుతది. పైకప్పు కారుతున్నది, వైర్లు కాలుతున్నయి. ఇంక పదేండ్లు గిట్లనే ఉంటే మేడ మీది బొమ్మలు కూడ దక్కయి. కింద పంపులు పెట్టిద్దాం, అరలు మూడడుగులు లేపుదాం. ఆపుతా అంటే నువ్వే పంపుకో అమ్మా. నేను అడ్డం రాను."

ఆయన కసిరినా బాగుండేది. మనోరమ మంజూరు ఇచ్చిన ఢిల్లీ ఆఫీసు చిరునామా రాసిన కవరుతో పోస్టు డబ్బా ముందు ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. పంపితే పైవి పోతాయి, పంపకపోతే కిందివి. చివరికి కవరు సంచిలో పెట్టుకుని అశోక్‌నగర్ దాకా నడిచి ఇంటికెళ్లింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

భవనం తయారయ్యాక ఏ బొమ్మ ఏ అరలో ఉండాలో జాబితా రాసే పని ఆమె మీదే పడింది. పేరున్న చిత్రకారులవి పై అరల్లోకి పోవాలని ఆర్డరు వచ్చింది. కింది వరసకు మిగిలినవి ఊరూరా కథ చెప్పేవాళ్ల కోసం నకాషీ చిత్రకారులు గీసిన గుడ్డ పటాలు. ఎవరు గీశారో తెలియదు. అన్నీ నీటిరంగులు.

"సార్, తడి తగిల్తే మొదలు గవే కరుగుతయి."

"వాటి గురించి ఎవలడుగుతరమ్మా?"

రెండు రోజులు పోట్లాడి, మూడో రోజు ఆ జాబితా తన చేత్తోనే రాసింది.

రెండేళ్లకు శ్రావణంలో ఒక ఉదయం పూడ్చిన నాలా నేలను పగలగొట్టుకుని లేచింది. పంపులు గంట తిరగకముందే మునిగిపోయాయి. మనోరమ నడుంలోతు నీళ్లలో దిగి పటాలు ఒక్కొక్కటే పైకి అందించింది. విప్పితే కొన్నింట్లో గుర్రాలూ దేవతలూ కలిసిపోయి ఎర్రటి మడుగు మాత్రమే మిగిలింది. రెండువందల పన్నెండింటిలో ముప్పయి ఒకటి దక్కాయి.

మధ్యాహ్నానికి దక్షిణామూర్తి గారు గొడుగు పట్టుకుని గేటు దగ్గరికొచ్చారు. వరండా నిండా ఆరేసిన గుడ్డలు చూసి మనోరమ దగ్గరికి నడిచారు.

"నేను రాసిచ్చాను కదమ్మా?"

"ఇచ్చిండ్రు సార్. నేనే పంపలే."

మనోరమ చీర కొంగు బిగించి మళ్లీ మెట్లు దిగింది.