కార్డులో రెండో పేరు

సౌదీలోని జిజాన్‌లో నేను పనిచేసే ఇంటి వంటగదిలో మా మేడమ్‌తో కలిపి ఏడుగురు ఆడవాళ్లు కూర్చుని మల్లెమొగ్గలు గుచ్చుతున్నారు. మర్నాడు మేడమ్ చెల్లెలి పెళ్లి. నేను సమోసాలు చుడుతుంటే ఫోన్ మోగింది. రాయచోటి నుంచి కావ్య.

రేషన్ కార్డులో నా పేరు ఎక్కించమని మూడు నెలలుగా వార్డు సచివాలయం చుట్టూ తిరుగుతోంది కావ్య. జంటగా బతికే ఇద్దరు ఆడవాళ్లను ఒకే ఇంటివాళ్లుగా చేర్చొచ్చని ఢిల్లీ నుంచి కాగితం వచ్చిందట. దాని నకలు చేతిసంచిలో పెట్టుకుని మరీ తిరిగింది, మొండిది. పదకొండేళ్ల మా కాపురానికి ఒక్క సర్కారు కాగితం కూడా లేదు. పోయినేడాది తనకు ఆపరేషన్ అయితే, సంతకానికి ఏనాడూ పలకరించని తన అన్నను పిలిచారు. ఆ మంట నాకింకా చల్లారలేదు.

వీడియోలో కావ్య పక్కన సచివాలయం ఉద్యోగి చెంచయ్య కనిపించాడు.

"అమ్మా, నువ్వు నీ నోటితో చెప్పాల. ఈమె నీకేమైతాది?"

"మా అక్క సార్."

ఠక్కున వచ్చేసింది. ఇక్కడికి పనికొచ్చిన ఆరేళ్లుగా ఏజెంటుకీ, మేడమ్‌కీ, ఎవరడిగినా అదే చెప్పాను మరి. ఇక్కడ నిజం తెలిస్తే పని పోవడం కాదు, జైలే. కావ్య ముఖం చిన్నబోయింది. నా మీద నాకే ఒళ్లు మండింది.

"అక్కయితే ఈ ఫారం పనికిరాదమ్మా," అంటూ చెంచయ్య కాగితాలు సర్దబోయాడు.

నేను చుట్టూ చూశాను. ఏడుగురు. ఒక్కరికీ తెలుగు ముక్క రాదు. ఇన్నేళ్లూ ఈ సంగతి నాకు తట్టనేలేదు. నవ్వొచ్చింది.

"ఉండండి సార్. అబద్ధం చెప్తి. అక్క కాదు," అన్నాను గొంతు పెంచి. "మేమిద్దరం జంట. పదకొండేండ్లుగా ఒగే పొయ్యి మీద వండుకోని కాపురం చేస్తాండాం. నాకు ఆమె, ఆమెకు నేను. రాసుకోండి. ఇంగా గట్టిగా చెప్పాల్నా?"

"నాకేం చెవుడు లేదులేమ్మా," అన్నాడు చెంచయ్య రాసుకుంటూ. "పేరు ఎక్కిస్తాండా. సెలవుకొచ్చినప్పుడు ఏలిముద్ర ఎయ్యి. బియ్యం ఇద్దరికీ కలిపే ఇస్తారు, కొట్లాడుకోవాకండి."

కావ్య కళ్లు తుడుచుకుంటోంది. "అంత గట్టిగా చెప్తివే, ఆడ ఎవరూ లేరా?"

"ఏడుమంది ఉండారు."

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఎందుకా అరుపులని మేడమ్ అడిగింది. మా ఇంటి కాగితంలో నా పేరు రాశారని అరబ్బీలో చెప్పాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇల్లే నా పేరున రాశారనుకుందేమో, "మబ్రూక్, జయా!" అని అభినందిస్తూ పెళ్లికూతురి కోసం గుచ్చిన దండ నా మెడలో వేసింది. మిగతావాళ్లు నాలుకలాడిస్తూ ఇక్కడి పెళ్లిళ్లలో వేసే కూత వేశారు. వంటగది మోగిపోయింది.

"ఎవురే వాళ్లు?" అంది కావ్య.

"మన పెండ్లికొచ్చినోళ్లు," అన్నాను.