గోడకు ఎరువేసిన కుప్పమ్మ

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపటి నుంచి నా నోట్లో వక్కాకు పండకుండా పోనీ. పెంచి చెప్పే అలవాటు నాకు పుట్టుకతోనే లేదు.

వడమాలపేట దాటినాక మా తూర్పు కండ్రిగ ఉంది గదా, పన్నెండేళ్ళ కిందట ఊరంతటికీ ఒకటే కుళాయి. బిందెల వరుస మొదలు కుళాయి కింద ఉంటే తోక ఎక్కడో తడ ఊళ్ళో ఉండేది. అంతసేపు నిలబడి ఆడవాళ్ళు ఏం చూస్తారు? ఎదురుగా ఉన్న అంగన్‌వాడీ గోడనే చూసేవాళ్ళు.

ఆ సంగతి కనిపెట్టింది రాజారత్నం టీచరమ్మ. ఆమె నెలకోసారి పిల్లలను దూలానికి వేలాడే తూకం సంచిలో కూర్చోబెట్టి, బరువు చూసి, కార్డుల్లో చుక్కలు పెట్టేది. చుక్క కిందికి దిగితే బిడ్డ చిక్కిపోతున్నట్టు లెక్క. ఆ కార్డులన్నీ ట్రంకు పెట్టెలో పడి ఉండేవి. తల్లులకు తీసి చూపించినా "సరేమ్మా" అని తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. ఇట్లా కాదని, బస్సుల మీద పేర్లు రాసే ధనంజయను పిలిపించి, కుళాయి వైపు గోడ మీద బిడ్డకొక చిక్కుడు తీగ వేయించింది. కింద బిడ్డ పేరు. అరకిలో బరువుకు ఒక ఆకు.

మరుసటి నెల ధనంజయ రంగు డబ్బాలతో వచ్చేసరికి తీగలే సర్దుకుని ఉన్నాయి. బరువు పెరిగిన బిడ్డ తీగ పైకి పాకింది. తగ్గిన బిడ్డ తీగ ఆకులు రాల్చింది. రాలిన ఆకులు గోడ మొదట్లో పచ్చరంగు పొడిగా పడి ఉన్నాయి. "ఇంక నాతో పనేముందిలే" అని ధనంజయ టీ తాగి పుత్తూరు బస్సెక్కినాడు. ఆడవాళ్ళు బిందెలు జరుపుకుంటూ ఎవరి తీగ ఎంత పాకిందో చూసుకున్నారు. అంతే.

అప్పటి నుంచి కుళాయి దగ్గర మాటలే మారిపోయినాయి.

"ఏమే, మీవాని తీగ పండుకోనుండాదే?"

"మొన్న జొరమొచ్చిన్నింది లేవే. వచ్చే నెల సూడు, మీదాని నెత్తినెక్కి కూసుంటాది."

పందెం కోసమైనా పిల్లల నోట్లో నాలుగు ముద్దలు ఎక్కువ పడుతున్నాయి. వాడిపోతున్నది ఒక్క తీగే. కుప్పమ్మ మనవరాలు రేవతిది.

రెండేళ్ళు నిండినా రేవతి లేచి నిలబడలేదు. ఆ ఇంట్లో ముందు కుప్పమ్మ కొడుకు తినాలి, తర్వాత ఇద్దరు మనవళ్ళు, ఆ తర్వాత కుప్పమ్మ. చివరికి చట్టిలో అంటుకున్న సంగటిని నీళ్ళతో కడిగి కోడలు తిరుమలమ్మ సగం తాగి, సగం బిడ్డకు పట్టేది. రేవతి తీగకు పన్నెండు ఆకులే మిగిలినాయి.

"పెద్దమ్మా, అవి పదికి దిగితే బిడ్డ మనకు దక్కదు" అనింది టీచరమ్మ.

"నువ్వు ఎత్తి ఎత్తి తూకమేస్తాంటే దిష్టి తగలక ఏమైతాది?" అని కుప్పమ్మ ఎదురు తిరిగింది.

నిజానికి తీగల విషయంలో కుప్పమ్మను మించినవాళ్ళు జిల్లాలో లేరు. ఆమె పెరట్లో పొట్లకాయ కాస్తే కొన తెంపడానికి నాయుడుపేటకు మనిషిని పంపాలి. అందుకే ఒకనాడు ఎదురింటి సిద్ధమ్మ బిందె కింద పెట్టి "వదినా, ఊరందరి పాదులకూ వైద్యం చెప్తావే, మీ ఇంటి తీగ ఎండిపోతాంటే సూస్తా ఉండావా?" అంటే, కుప్పమ్మకు ఆ రోజు నిద్ర పట్టలేదు.

తెల్లారి ఏం చేసింది? గోడ మొదట్లో పాదు తీసింది. రెండు బిందెల నీళ్ళు పోసింది. ఆకుల మీద బూడిద చల్లింది. మేకల ఎరువు తెచ్చి వేసింది. ఎనిమిది రోజులు అదే పని. ఊరు ఊరంతా పాదు బాగుందనే అనింది. తీగ మాత్రం ఇంకో ఆకు రాల్చింది. ఇంక పదకొండు.

తొమ్మిదో రోజు తన దగ్గరున్న అసలు మందు తీసింది. గానుగ నుంచి అప్పుడే వచ్చిన చెనిక్కాయ చెక్క, అదే నూనె పిండినాక మిగిలే వేరుశనగ పిప్పి, ఒక చట్టి నిండా. తిరుమలమ్మ కూలికి పోయింది కాబట్టి రేవతి చంకలోనే ఉంది. బిడ్డను చట్టి పక్కన దించి, కుప్పమ్మ గోడ వైపు తిరిగి తవ్వుతోంది.

రేవతి చట్టిలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది.

గోడ మీద ముడుచుకున్న ఆకు ఒకటి విప్పుకుంది.

రెండో ముక్క చప్పరించింది. తీగ కొన తల ఎత్తింది. బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నా ఎవరూ కుళాయి కట్టెయ్యలేదు.

"వదినా," అనింది సిద్ధమ్మ మెల్లగా, "ఎరువు పట్టినట్టుండాది."

కుప్పమ్మ పార కింద పడేసింది. గోడను చూసింది. మూతి నిండా చెక్క పూసుకున్న బిడ్డను చూసింది. మట్టిలోనే కూలబడి, ఇంకో ముక్కను అరచేతిలో నలిపి, పొట్టు ఊది, బిడ్డ నోట్లో పెట్టింది.

"ఇంత ఆకలా నాయనా నీకు? అడగలేదేమే నన్ను?" అని ఏడ్చింది. ఆ ఏడుపు గూడూరు స్టేషన్లో వినబడి రైలు ఆగిపోయింది.

ఆ పూట నుంచి ఆ ఇంట్లో వడ్డన వరుస తిరగబడింది. పొద్దున రాగి గంజి, పదింటికి గుడ్డు, మధ్యాహ్నం నెయ్యి వేసి మెదిపిన పప్పూ సంగటీ, అన్నీ ముందు రేవతికే.

"అమ్మా, నాకు సంగటి యాడమ్మా?" అని కొడుకు కేకేస్తే, "ఉండబ్బా, పాదుకు పెట్టినాక" అనేది. కోడలిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంది. "తినుమే తిరుమలా. వేర్లో లేంది కొనకు యాడ్నుంచి వస్తాది?"

అయిదో నెలకు రేవతి తీగ చూరందుకుని ఊదారంగు పూలు పూసింది. ఆ గోడనే పట్టుకుని బిడ్డ నిలబడింది. తర్వాత గోడ వదిలేసి నడిచింది. ఇప్పుడు పుత్తూరు హైస్కూల్లో కబడ్డీ ఆడుతోంది. కూతకు పోయిందంటే అవతలి ఏడుగురినీ భుజానేసుకుని గీత దాటుతుంది.

సరే గానీ అమ్మణ్ణీ, మొన్న ఇటుక బట్టీకి పనికొచ్చిన వాళ్ళున్నారు చూడు, వాళ్ళకొక చంటిబిడ్డ ఉంది. గోడ మీద దాని పేరు లేదు. కథ వినింది చాలు, లెయ్. వాళ్ళమ్మకు చెప్పి బిడ్డను ఎత్తుకుని టీచరమ్మ దగ్గరికి పో. పదకొండింటికల్లా తూకం ఎత్తేస్తారు. ఎండగా ఉండాది, తలకు గుడ్డ కప్పు. నీకు కాదు, బిడ్డకు.