తుని ఊరేగింపు రీలు

స్టూడియో నుంచి లింకు వచ్చేసరికి సంయుక్త రాయదుర్గంలో తన ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగన్నం తింటోంది. ఆమె తండ్రి భీమేశ్వరరావుకు ఎనభయ్యో పుట్టినరోజు. అటక మీద దొరికిన ఆయన పాత రీళ్లను ఫోన్లో చూసుకునేలా మార్పించాలన్న ఆలోచన ఆమె కూతురు రసజ్ఞది. సాయంత్రం నల్లగండ్లలో, అమ్మానాన్నలు తనతో కలిసి ఉంటున్న ఫ్లాట్‌లో అందరూ కలిసి చూడాలని అనుకున్నారు.

ఇయర్‌ఫోన్లు పెట్టుకోబోయి, నవ్వుకుని పక్కన పడేసింది. నాన్న కెమెరాకు మాటలు పట్టడం రాదు.

నాగార్జునసాగర్ గట్టు మీద అమ్మ పుణ్యవతి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అంటోంది. మైసూరు బృందావనంలో నీటి తుంపర మీద పడగానే వెనక్కి గెంతి పకపకా నవ్వుతోంది. అమ్మ అలా గెంతగలదని సంయుక్తకు తెలియదు. ఎదుట కూర్చున్న స్నేహితురాలికి కూడా చూపించి మురిసిపోయింది.

ఆ తర్వాతిది తుని ఊరేగింపు. దాని మీద వేలు పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఆ ఆగస్టు పదిహేను కథ వాళ్లింట్లో తెలియనివాళ్లు లేరు. అమ్మ శకటాలు చూస్తూ మైమరిచి, నాలుగేళ్ల అన్నయ్య చెయ్యి వదిలేసింది. శకటాన్ని లాగుతున్న ట్రాక్టరు చక్రం వాడి కుడి పాదం మీదుగా పోయింది. నాన్నమ్మ బతికున్నన్నాళ్లూ గడప తొక్కిన ప్రతి చుట్టానికీ ఈ మాట చెప్పింది. అన్నయ్య ఉదయ్ భాస్కర్‌కు యాభై దాటాయి. ఇప్పటికీ కుంటుతాడు. కూకట్‌పల్లిలో కాపురం. పండక్కి వస్తాడు, నాన్నతో కబుర్లు చెబుతాడు, అమ్మ వడ్డించింది తిని లేస్తాడు. తనింటికి రమ్మని ఆమెను ఏనాడూ పిలవలేదు.

సంయుక్త చివరికి నొక్కింది.

బ్యాండు మేళం. తెల్లచొక్కాల బడిపిల్లలు. నోరారా జై కొడుతున్న జనం, చప్పుడు మాత్రం లేదు. తర్వాత అమ్మ. చంకలో నెలల పిల్ల, అంటే తనే. రెండో చేతిని పట్టుకుని గంతులేస్తూ అన్నయ్య. పిల్ల జారిపోతుంటే అమ్మ కెమెరా వైపు చూసి ఏదో అంది, అన్నయ్య చెయ్యి ముందుకు అందించింది. తెర అంచు నుంచి ఓ మగచెయ్యి వచ్చి ఆ చిన్న చేతిని పట్టుకుంది. మణికట్టుకు వెడల్పాటి తోలు పట్టీ గడియారం. అమ్మ పిల్లను సర్దుకుంటూ జనంలో వెనక్కి జరిగింది.

కెమెరా భరతమాత శకటం వైపు తిరిగింది. తెర మీద బొమ్మ తెగింది. ఆ కెమెరా పాత గడియారంలా తాళం తిప్పితేగాని నడవదు, తిప్పడానికి రెండు చేతులూ కావాలి. బొమ్మ మళ్లీ మొదలయ్యేసరికి ట్రాక్టరు దగ్గరికొచ్చేసింది. ఒక్కసారిగా ఆకాశం, ఎవరివో పరుగెడుతున్న కాళ్లు. అయిపోయింది.

పెరుగన్నం పక్కకు జరిపింది. అంతలోనే ఫోను మోగింది, నాన్న.

"అమ్మలూ, రీళ్లు వచ్చాయటగా?"

"వచ్చాయి నాన్నా."

"తునిది పాడైపోయుంటుంది. తీసెయ్యి దాన్ని."

"పాడవలేదు. మీరు దీన్ని ఎప్పుడైనా చూశారా?"

"తీసెయ్యమ్మా," అని పెట్టేశారు.

సాయంత్రం గచ్చిబౌలి ట్రాఫిక్‌లో కారు అంగుళం అంగుళం కదులుతుంటే సంయుక్త మనసులో ఒకటే తర్జనభర్జన. ఎనభయ్యేళ్ల మనిషిని పుట్టినరోజు నాడు అందరి ముందూ నిలబెట్టడమా? అమ్మ నెత్తిన ఆ నింద అలాగే ఉండనివ్వడమా? ఇల్లు చేరేదాకా ఏదీ తేల్చుకోలేకపోయింది.

హాల్లో టీవీ మీద సాగర్ అయింది, మైసూరు అయింది. రసజ్ఞ చప్పట్లు కొట్టింది. సంయుక్త గబుక్కున లేచింది.

"ఇక భోజనాలు చేద్దాం."

భీమేశ్వరరావు అప్పటికే కుర్చీలోంచి లేచారు.

"తునిది లేదా?" ఉదయ్ భాస్కర్ అడిగాడు. "నా కాలుది."

పుణ్యవతి అలవాటు ప్రకారం వంటింటి వైపు కదిలింది. ఆ నడక చూసేసరికి సంయుక్త మనసు గట్టిపడింది.

"ఉంది. అమ్మా, నువ్వూ కూర్చో."

రసజ్ఞ తుని రీలు పెట్టింది. మగచెయ్యి తెర మీదికి రాగానే ఉదయ్ భాస్కర్ ముందుకు వంగాడు.

"ఆపు. వెనక్కి పెట్టు."

రసజ్ఞ వెనక్కి పెట్టింది. మళ్లీ అదే చెయ్యి, అదే గడియారం. అతను తండ్రి వైపు తిరిగాడు.

"నాన్నా, ఇది మీ గడియారమేగా?"

భీమేశ్వరరావు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. "తాళం తిప్పుదామని... ఒక్క క్షణంరా. ఒక్క క్షణం వదిలాను."

"మరి ఇన్నేళ్లూ?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

ఉదయ్ భాస్కర్ తల్లి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పలేదేమే?"

"ఆ రోజే ఆసుపత్రిలో చెప్పానురా," అంది పుణ్యవతి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీ నాన్నమ్మ, మొగుడి మీదికి తోస్తావా అంది. ఈయన అక్కడే నిలబడి ఉన్నారు, నోరు విప్పలేదు. ఇంక ఎవరితో చెప్పను?"

భీమేశ్వరరావు "పుణ్యం..." అని ఏదో అనబోయారు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఇప్పుడొద్దండి. రసజ్ఞా, మొదటి నుంచి వెయ్యమ్మా. నా చెయ్యి పట్టుకుని వాడు గంతులేస్తూ వస్తున్నాడు చూడు, అక్కణ్నుంచి."

తెర మీద పిల్లవాడు రెండు కాళ్ల మీదా ఎగురుతూ వచ్చాడు. ఇవాళ్టిదాకా ఉదయ్ భాస్కర్ తనను తాను అలా ఎప్పుడూ చూసుకోలేదు. సోఫా దిగి, కుంటుతూ వెళ్లి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"మా ఇంటికి రామ్మా. ఇవాళే."

పుణ్యవతి భర్త వైపు చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నారు.

"నాన్న సంగతి నేను చూసుకుంటానే," అంది సంయుక్త.

పుణ్యవతి లేచి, రెండు చీరలు సంచిలో పెట్టుకోవడానికి లోపలికి వెళ్లింది.